స్త్రీవేషమున పురుషదేహము: భామాకలాప ప్రదర్శన విచారము

భామాకలాపమును పాఠముగ చెప్పుచున్న యొకనాడు మా తరగతిలోని విద్యార్థిని యొకతె లేచి యిట్లడిగినది: “అయ్యా, మగవాడు సత్యభామ వేషము కట్టిన గొప్ప కళ యనిరి. ఆడుది సత్యభామయై యాడిన నీతి చెడినదనిరి. పాత్ర యొక్కటియే గదా, భేద మెక్కడ నున్నది?” ఆనాడు మేము చెప్పిన సమాధానము మాకే తృప్తి కలిగింపలేదు. స్త్రీలు రంగమెక్కని కాలమున పురుషులు ఆ లోటు తీర్చిరని, అందరును చెప్పు మాటనే చెప్పి పాఠమును సాగించితిమి. పిదప విచారింపగా ఆ మాట నిలుచునది కాదని తోచినది. ఈ వ్యాసము ఆ విద్యార్థిని ప్రశ్నకు మేము ఆలస్యముగ చెప్పుచున్న సమాధానము.

స్త్రీవేషమును గూర్చి వ్రాసినవారు సామాన్యముగ ఒక విషయమునే పరిశీలించుచు వచ్చిరి. నటుడు స్త్రీని ఎంత చక్కగ అనుకరించెను? చూపరులు ఎంతవరకు భ్రమపడిరి? మేము ఆ ప్రశ్నను ప్రక్కకు బెట్టి వేరొక ప్రశ్న వేసికొనుచున్నాము. ఆ వేషమున పురుషుడేమగుచున్నాడు? మగతనమను దానిని గూర్చి ఆ దేహము మనకు తెలుపునదేమి? ఈ విచారమునకు కూచిపూడి భాగవతుల భామాకలాపమును ముఖ్యాధారముగ గ్రహించితిమి. పోలికకై స్థానం నరసింహారావుగారి నటనమును, చీనాదేశపు నటుడు మే లాన్‌ఫాంగ్ చరిత్రమును అవసరమైనంత మేరకు స్పృశించుచున్నాము.

1. శాస్త్రదృష్టి

పురుషుడు స్త్రీపాత్రను ధరించుట మన దేశమున క్రొత్త కాదు. నాట్యశాస్త్రమున భరతుడు పాత్రధారణమును మూడు విధములుగ విభజించెను. తన వయస్సునకును ప్రకృతికిని తగిన పాత్రను ధరించుట అనురూప. బాలుడు వృద్ధునిగను, వృద్ధుడు బాలునిగను నటించుట విరూప. పురుషుడు స్త్రీగను, స్త్రీ పురుషునిగను నటించుట రూపానుసారిణి. ఇందు గమనింపదగిన దొకటి కలదు. మూడవ విధము రెండు దిక్కులకును వర్తించును. పురుషునకు స్త్రీపాత్ర యెట్లో స్త్రీకి పురుషపాత్రయు నట్లే. శాస్త్రమున తెరచియుంచిన ఈ రెండు ద్వారములలో ఒకటి తరువాతి కాలమున ఎట్లు మూతపడినదో ముందు చూతము.

అమరకోశము స్త్రీవేషధారియగు నర్తకునకు భ్రూకుంసుడను పేరును, దాని రూపాంతరములను ఇచ్చినది. పతంజలి మహాభాష్యమునందును ఈ పదము కలదు. కనుబొమలతో మాటలాడువాడని దీనికి వ్యుత్పత్తి చెప్పుదురు. పేరు పెట్టినవారు చీరను చూడలేదు, నగను చూడలేదు, కనుబొమను చూచిరి. అనగా పురుషుని స్త్రీగ జేయునది పైన ధరించినది కాదు, దేహమున నేర్చుకొనిన యొక చలనమని వారికి తెలియును. నేర్చుకొనిన చలనమే స్త్రీత్వమునకు గుర్తు కాగలిగినచో పురుషత్వమునకు గుర్తు లనుకొనునవియు నేర్చుకొనినవే యేల కారాదు? స్త్రీవేషము చూపరిని ఈ సందేహము ముందు నిలుపును. లింగభేదము మాటిమాటికి చేయు చేష్టలవలన ఏర్పడు నదియే కాని ముందే యుండి చేష్టలను పుట్టించునది కాదని అమెరికా తత్త్వవేత్త జూడిత్ బట్లర్ 1990లో ప్రకటించిన గ్రంథమున వాదించెను. ఆ వాదమును మనము పూర్తిగ అంగీకరించినను అంగీకరింపకున్నను, భ్రూకుంస శబ్దము ఆ దిక్కునకే వ్రేలు చూపుచున్నదనుట మాత్రము నిజము.

2. దేహమును మలచుట

కృష్ణాజిల్లాలోని కూచిపూడి గ్రామమున బ్రాహ్మణ కుటుంబములకు చెందిన పురుషులే తరతరములుగ భాగవత ప్రదర్శనములు చేయుచు వచ్చిరి. సిద్ధేంద్రయోగి భామాకలాపమును రచించి, ఆ కుటుంబములలోని ప్రతి మగబిడ్డయు జీవితమున ఒక్కసారియైన సత్యభామ వేషము కట్టవలెనని వారిచే ప్రమాణము చేయించెనని ఐతిహ్యము. దీని చారిత్రకతను గూర్చి వాదము లున్నను, ఐతిహ్యముగనే దీని బలము గొప్పది. ఆ ఊరి మగవానికి స్త్రీవేషము సిగ్గుపడవలసిన పని కాక, కులవిద్యకు తాను వారసుడనని నిరూపించుకొను పని యైనది.

ఈ విద్య బాల్యముననే ఆరంభమగును. నడక, నిలుకడ, మెడ త్రిప్పుట, ఓరచూపు, నడుము వంపు, జడను ముందునకు తెచ్చుకొను తీరు, ఇవన్నియు బాలుడు తండ్రివద్దనో మేనమామవద్దనో మరియొక గురువువద్దనో అభ్యసించును. సత్యభామ నడక తల్లినుండి కూతునకు వచ్చిన నడక కాదు. తండ్రినుండి కొడుకునకు వచ్చిన నడక. ఇంటిలోని స్త్రీలు నడచుచున్నట్లు సత్యభామ నడవదు. ఆ నడకను పురుషులు కల్పించిరి, పురుషులు దిద్దిరి, పురుషులు అప్పగించిరి.

ఆహార్యమును చూచినను ఇదే తెలియును. ముఖమునకు పూసెడి అరదళపు పసుపు, తలపై రాగిడి, సూర్యచంద్ర వంకలు, జడకుప్పెలు, తేలిక కొయ్యతో చేసిన నగలు, ఇవి నిత్యజీవితమున ఏ స్త్రీయు ధరించు రీతివి కావు. కాగడాల వెలుతురున, గుగ్గిలపు పొడి చల్లినపుడు ఎగయు మంటలో మెరయుటకై చేసినవి. మీసము తీసి, దేహమును బిగించి, లేని రూపమును పైకెత్తి కట్టిన ఈ వేషమున దాచినది కొంచెము, కల్పించినది చాల.

వాచికము మరింత కష్టము. కూచిపూడి సంప్రదాయమున పాత్రధారియే పాడవలెను, సంభాషణములను తానే పలుకవలెను. కంఠము పురుషునిదే. దానిని సన్నగిలజేసి స్త్రీ కంఠమని నమ్మించుటకన్న, పలుకునందలి సాగదీత, విరుపు, బెట్టు, అలుక అను గుణములచేత సత్యభామను నిలుపుట ఇందలి నేర్పు. దేహమున మారనిదొకటి మిగిలియే యుండును. మారనిది మిగిలియుండుటచే మారినదాని విలువ చూపరికి తెలియును.

వేదాంతం సత్యనారాయణశర్మగారు (1935–2012) ఈ విద్యకు ఇటీవలి కాలపు పరమావధి. వారు 1961లో సంగీత నాటక అకాడమీ పురస్కారమును, 1970లో పద్మశ్రీ బిరుదమును పొందిరి. సత్యభామగను, ఉషాపరిణయమున ఉషగను వారు పొందిన ఖ్యాతి జగద్విదితము. వయస్సు మీరిన పిదపను వారు సత్యభామను అభినయించుచునే యుండిరి. ముడుతలు పడిన మోమున యౌవనగర్వము, లావెక్కిన నడుమున లతాసౌకుమార్యము కనబడెననిన, అది భ్రమవలన కలిగినది కాదు. చూపరులు ఆ దేహమును, ఆ దేహము చేయుచున్న పనిని రెంటిని ఒక్కసారిగ చూచుచుండిరి.

3. జడపందెము

భామాకలాపమున సత్యభామ ప్రవేశము ప్రసిద్ధము. ఇరువురు తెర పట్టుకొనియుందురు. తెరవెనుక నుండి పాత్ర తన పొడవైన జడను తెరపైనుండి ఈవలకు వ్రేలవేయును. తనను విద్యలో గెలువగలవా రున్న ముందునకు రావచ్చునని, ఓడినచో ఆ జడను కోసి యిచ్చెదనని దాని భావము. జడ సౌందర్యచిహ్నముగ, వేదమునకో శాస్త్రమునకో సంకేతముగ పెక్కురు వ్యాఖ్యానించిరి. మాకు మాత్రము అందు మరియొకటి కనబడుచున్నది.

ఓడినచో మీసము తీయించుకొందునని పందెము వేయుట తెలుగు మగవానికి అలవాటు. మీసము మెలివేయుట మగతనపు ధిక్కారమునకు మారుపేరు. ఈ వేషమునకై మీసము తీసివేసిన నటుడు, ఆ మీసపు పందెమునే జడకు మార్చి తెరపై వేసినాడు. ధిక్కారము అదే, పందెపు తీరు అదే. గుర్తు మాత్రము మారినది. అందును ఆ జడ పుట్టుకతో వచ్చినది కాదు, కట్టుకొనినది. కట్టుకొనిన జడను కోల్పోవుదునను భయము నటించుచు నటుడు మనలను తెలియకుండ ఒక ప్రశ్న అడుగుచున్నాడు: మీసము కోల్పోవుదునను మీ భయమునకు ఇంతకన్న గట్టి ఆధారమున్నదా?

కథయు దీనికి తోడ్పడుచున్నది. భామాకలాపమున నాయకుడగు శ్రీకృష్ణునకు చోటు తక్కువ. ప్రదర్శనమంతయు సత్యభామ గర్వమున, విరహమున, లేఖ వ్రాయుటయందు నడచును. నంది తిమ్మన పారిజాతాపహరణమున సత్యభామ కృష్ణుని శిరస్సును పాదముతో తన్నుట, ఆయన దానిని మన్నించుట తెలుగువారందరును ఎరిగినదే. మగని గర్వమును దించు స్త్రీగ తెలుగు సాహిత్యము నిలిపిన ఏకైక పాత్రయని చెప్పదగిన సత్యభామనే మగవాడు ధరించుటకు ఎన్నుకొనెను. ఇది కాకతాళీయమని మేము తలపము.

4. మాధవి

ఇంతవరకు వేషము కట్టిన దేహమును చూచితిమి. వేషము కట్టని దేహమును చూచినగాని విషయము పూర్తి కాదు. భామాకలాపమున సూత్రధారుడే సత్యభామకు చెలికత్తెయగు మాధవి యగును. అతడు చీర కట్టడు, జడ వేసికొనడు. తాళము పట్టి, పురుషవస్త్రములతోనే నిలుచును. సత్యభామ అతనిని ఆడుదానివలె సంబోధించును. అతడు చెలికత్తెవలె బదులు చెప్పును. లేఖను తీసికొనిపోవుటకు ప్రతిఫలముగ ముక్కెర యడిగి బేరమాడును. కృష్ణునితో మాటలాడునపుడు అతడే మాధవుడగును. చూపరులకు ఇందు చిక్కేమియు కనబడదు.

ఒకే రంగమున ఇరువురు పురుషు లున్నారు. ఒకనిని స్త్రీగ జేయుటకు అరదళము, నగలు, బాల్యమునుండి చేసిన సాధన కావలసివచ్చినవి. రెండవవానికి ఒక్క పిలుపు చాలినది. మాధవి ప్రక్కన నిలుచుటచే సత్యభామ వేషము వేషముగనే తెలియును. సత్యభామ ప్రక్కన నిలుచుటచే మాధవి వట్టి మాట కాక పాత్రయగును. భ్రమ కలిగించుటయే ఉద్దేశమైనచో మాధవికి కూడ చీర కట్టించియుందురు. కట్టింపకపోవుటచే మన పూర్వుల ఉద్దేశము భ్రమ కాదనియు, చేసిన దానిని చేసినట్లు చూపుటయే యనియు మా నిశ్చయము. ఇద్దరు స్త్రీలు మగనిని గూర్చి ఏకాంతమున మాటలాడు ఘట్టము ఇద్దరు పురుషులు నడుపునదైనది. మగవాడు తనను గూర్చి స్త్రీలేమనుకొందురో వినుటకై తానే స్త్రీయై కూర్చున్నాడు. మగని పేరు చెప్పుటకు సత్యభామ పడు సిగ్గును, మాధవి ఆమెను వేధించుటను చూచి ప్రేక్షకులు నవ్వుదురు. ఆ నవ్వున, భార్య పేరు పలుకరాని మగని అధికారమునకును కొంత పాలు చెల్లును.

దీనికి సమీపమైన అనుభవమొకటి చీనా నటునివలన ఐరోపావారికి కలిగినది. పెకింగు సంగీతనాటకములలో స్త్రీపాత్రలకు విఖ్యాతుడైన మే లాన్‌ఫాంగ్ (1894–1961) 1935లో మాస్కో నగరమునకు పోయెను. అచ్చట అతడు వేషము లేక, విందుకు ధరించు పాశ్చాత్య దుస్తులతోనే స్త్రీపాత్రల చలనములను చేసి చూపెను. చూచినవారిలో జర్మను నాటకకర్త బ్రెహ్ట్ ఒకడు. చూపుచున్న పురుషుడు, చూపబడుచున్న స్త్రీ, ఇరువురును ఒకేసారి కనబడిరని అతడు గ్రహించెను. మరుసటి యేడు చీనా నటనమును గూర్చి అతడు వ్రాసిన వ్యాసము పాశ్చాత్య నాటకరంగమున పెద్ద మార్పునకు దారితీసినది. బ్రెహ్ట్ ఆశ్చర్యపడిన ఆ విషయమును కూచిపూడి సూత్రధారుడు ఊరి నడుమ, కాగడాల వెలుతురున, ప్రతి ప్రదర్శనమునను చేయుచుండెను.

మే లాన్‌ఫాంగ్ జీవితమున మరియొక ఘట్టము మన విచారమునకు మరింత అక్కరకు వచ్చును. జపానువారు చీనాను ఆక్రమించిన కాలమున వారియెదుట ఆడుటకు ఇష్టపడక అతడు మీసము పెంచెను. మీసమున్న స్త్రీపాత్ర యుండదు కనుక రంగమెక్క నక్కరలేకపోయెను. 1945లో యుద్ధము ముగిసిన పిదప దానిని తీసివేసి తిరిగి రంగమెక్కెను. మీసమును మగతనమునకు గుర్తుగ కాక, నిరాకరణమునకు పరికరముగ వాడినాడు. కావలసినపుడు పెట్టుకొని అక్కరతీరిన పిదప తీసివేసిన మీసము, మన సత్యభామ జడవలె, అదియు ఒక ఆహార్యమే.

5. రెండవ మార్గము

స్త్రీవేషమంతయు ఒక్క తీరుగ నుండదు. స్థానం నరసింహారావుగారు (1902–1971) పద్యనాటకరంగమున చిత్రాంగిగ, మధురవాణిగ, శ్రీకృష్ణ తులాభారమున సత్యభామగ ఆంధ్రదేశము నుర్రూతలూగించిరి. 1956లో పద్మశ్రీ నందిరి. వారు నటించినది తెరలు, దీపములు గల రంగస్థలము; అచ్చట మాధవివంటి సూత్రధారుడు లేడు. కావున వారు భ్రమకు దగ్గరగ పోవలసివచ్చినది. చీరకట్టు, నడక, చూపులలో ప్రతి పాత్రకును వేరు తీరు కల్పించి, రాణియు వేశ్యయు ఒక్కతె కాదని చూపిరి.

ఇదియు ఒక విధముగ ప్రశ్నయే. స్త్రీత్వము ఒక్కటి కాదు, పాత్రకొక్కటి యని చూపినవాడు, పురుషత్వమును గూర్చియు అట్లే తలపించును. అయినను భేదము గలదు. భ్రమ పూర్తియైనచో ప్రశ్న అడుగున పడును. ప్రేక్షకుడు నటుని మరచును, మరచినవాడు మెచ్చుకొనునే కాని ఆలోచింపడు. కూచిపూడి రంగమున ఆ మరపు కలుగకుండ సూత్రధారుడు కావలి కాయుచుండును.

6. కంచె

ఇంతవరకు వ్రాసినదానిని చదివి, స్త్రీవేషము మగతనపు అధికారమును కూలద్రోసినదని యెవరైన తలచినచో అది పొరపాటు. ఇచ్చటనే మా విద్యార్థిని ప్రశ్న మరల ఎదురగుచున్నది.

స్త్రీలు లేకపోవుటచే పురుషులు స్త్రీవేషము కట్టిరనుట సత్యము కాదు. గోదావరీ మండలములలోని కళావంతుల స్త్రీలు భామాకలాపమును, గొల్లకలాపమును ఆడుచునే యుండిరి. 1885లో వనారస గోవిందరావుగారు స్థాపించిన సురభి నాటక సమాజమున కుటుంబ స్త్రీలే పాత్రలు ధరించిరి. స్త్రీలుండిరి, విద్యయు నుండెను. లేనిది వారికి గౌరవము. సంఘసంస్కర్తలు భోగముమేళములను నిరసించిరి. 1947లో మద్రాసు రాష్ట్రమున దేవదాసీ సమర్పణ నిషేధ శాసనము వచ్చినది. దురాచారమును మాన్పుట మంచిదే. కాని ఆ వెల్లువలో కళావంతుల సత్యభామయు కొట్టుకొనిపోయినది. సరిగ ఆ దశాబ్దములలోనే కూచిపూడి పురుషుల సత్యభామ శాస్త్రీయకళగ దేశమంతట గౌరవము పొందెను. పాత్ర యొక్కటియే; ఎవరి దేహమున నిలిచినదను దానినిబట్టి ఒకచోట కళ, ఒకచోట దోషమైనది.

మరియొక విషయము. సత్యభామ యైన బ్రాహ్మణ నటుడు తెల్లవారగనే గృహస్థు, యజమానుడు, పిల్లల తండ్రి. అతని మగతనమును ఎవ్వరును శంకింపరు. ఆ నడకనే ఊరిలో వేరొక బాలుడు సహజముగ నడచినచో ఆడంగి యని యెగతాళి చేయుదురు. అనగా మగతనపు కంచెను దాటి మరల లోనికి వచ్చుటకు కొందరికే అనుమతి కలదు. అట్లు దాటిరాగలుగుటయే వారి అధికారమునకు గుర్తైనది. అమెరికాలో ఆచార్యత్వము నెరపుచున్న హర్షిత కామత్ 2019లో ప్రకటించిన గ్రంథమున కూచిపూడి స్త్రీవేషమును బ్రాహ్మణ పురుషాధికారముతో ముడివెట్టి విస్తరముగ చర్చించెను. స్త్రీవేషమును వట్టి సౌందర్యముగ చూచుటకు అలవాటుపడిన మనము ఆ చర్చను తప్పక పరిశీలింపవలసియున్నది.

7. ఇప్పటి స్థితి

వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు స్త్రీలకు ఈ విద్య నేర్పినవారిలో ప్రథమగణ్యులు. వెంపటి చినసత్యంగారు (1929–2012) 1963లో మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించిన పిదప స్త్రీలు పెద్ద సంఖ్యలో రంగమెక్కిరి. నేడు కూచిపూడి నర్తకులలో స్త్రీలే ఎక్కువ. సత్యభామను, కృష్ణునిగూడ వారు ధరించుచున్నారు. భరతుడు తెరచిన రెండవ ద్వారము ఇట్లు కొంత తెరచుకొన్నది. కాని స్త్రీ కృష్ణవేషము కట్టినపుడు, సత్యభామయైన పురుషునకు కలిగిన ఆశ్చర్యమును, ఖ్యాతిని ఎవ్వరును ఇచ్చుట లేదు. వింతయైన దింకొకటి. స్త్రీలు రంగమున స్త్రీలవలె నడచుటకు పురుషగురువులు కల్పించిన నడకనే నేర్చుకొనవలసివచ్చినది.

ఒంగోలున పుట్టిన హలీం ఖాన్ వంటి నర్తకులు, కూచిపూడి కుటుంబములకు చెందనివారయ్యును, స్త్రీవేషమున ప్రదర్శనము లిచ్చుచున్నారు. వారికి కులవిద్య యను రక్షణము లేదు. కావున వారు ధరించిన స్త్రీవేషమున ఆ పాత ప్రశ్న కంచె లేకుండ మరల వినబడుచున్నది.

ఇక మా విద్యార్థినికి చెప్పవలసిన సమాధానము. భేదము వేషమున లేదు, పాత్రయందు లేదు. మగతనము ఆడుతనము రెండును దేహమున నేర్చుకొనినవేయని రంగము స్పష్టముగ చూపినది; ఆ సత్యమును రంగమువద్దనే వదలి ఇంటికి పోయినది సంఘము. భామాకలాపమును బోధించు అధ్యాపకులు జడపందెమును చెప్పునపుడు మీసపు పందెమును, మాధవిని చెప్పునపుడు ఆమె పంచకట్టును, కూచిపూడివారిని చెప్పునపుడు కళావంతుల స్త్రీలను విడువక చెప్పవలెను. పరిశోధక విద్యార్థులు వృద్ధ కళాకారుల వాచికమును, శిక్షణక్రమమును, కళావంతుల కుటుంబములలో మిగిలిన కలాపములను ఇప్పుడే వ్రాసికొనవలెను. వారిలో పలువురు ఇప్పటికే గతించిరి. ఆనాడు ఆ ప్రశ్న అడిగిన విద్యార్థిని కూర్చున్న బల్లపై రేపు మరియొకతె కూర్చుండును. ఆమెకు మేము చెప్పిన పాత సమాధానమును ఎవ్వరును మరల చెప్పకుందురు గాక.